ఖాళీగా ఉన్న పేరు

మార్చి నెల వచ్చిందంటే పరంధామయ్యకు ఒళ్లంతా కంపరం ఎత్తేది. సౌకార్‌పేటలో ఆ నెలంతా ఎవరి నోట విన్నా ఒకటే మాట, పన్ను మిగిలించుకోవడం. పదకొండు నెలలు గల్లాపెట్టె ముందు కాలుమీద కాలేసుకుని కూర్చున్న పెద్దమనుషులు మార్చి పదో తేదీకల్లా జబ్బుపడ్డ మొహాలు పెట్టుకుని, "ఏదన్నా దారి చూడప్పా" అంటూ గుమాస్తాల చుట్టూ తిరిగేవారు. దారి అంటే మరేం లేదు. వచ్చిన డబ్బు రానట్టే కనబడాలి, కనబడకుండా పెరగాలి, పెరిగినదాంట్లో గవర్నమెంటుకు దమ్మిడీ పోకూడదు. ఛీ, ఇంత ఉన్నవాళ్లకు ఇంత ఏడుపేమిటో అని పరంధామయ్య లోపల్లోపల తిట్టుకునేవాడు. తిట్టుకుంటూనే వాళ్ల ఫారాలు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేవాడు.

ఆయన బాలసుందరం గారి ఎవర్‌సిల్వర్, అంటే స్టీలు పాత్రల హోల్‌సేల్ దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు రాశాడు. 1994లో నెలకు పద్దెనిమిది వందల జీతానికి చేరాడు. పోయిన ఏడాది మానేసేనాటికి అది ఇరవై నాలుగు వేలయింది. తొండియార్‌పేటలో రెండు గదుల అద్దె ఇల్లు. పిల్లల్లేరు. భార్య సత్యభామ ఇంట్లో గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి రుబ్బి వీధిలో అమ్ముతుంది. ఇద్దరూ ముసలివాళ్లయ్యాక ఎవరు చూస్తారన్నది ఆ ఇంట్లో పైకి అనుకునే మాట కాదు. ఇద్దరికీ తెలిసిన మాట.

దుకాణంలో పి.ఎఫ్. ఉందా అంటే లేదు. ఇరవై మంది పనివాళ్లుంటే యజమాని జీతంతోపాటు తన వంతు కలిపి పి.ఎఫ్. కట్టాలని చట్టం. బాలసుందరం గారి దగ్గర ఇరవై ఏడుగురు పనిచేసేవారు. అయినా కట్టలేదు. బయట బోర్డు ఒకటే, లోపల కంపెనీలు రెండు. ఒక దాంట్లో పద్నాలుగు మంది, ఇంకోదాంట్లో పదమూడు మంది. ఆ రెండు రిజిస్టర్లూ రాసింది ఎవరనుకుంటున్నారు? మన పరంధామయ్యే. పద్నాలుగో పేరు ఆయనదే. తన మెడకు తానే తాడు పేనుకుంటూ, గీతలు వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ గీసుకున్నాడు.

"నీకెందుకప్పా పి.ఎఫ్.?" అనేవారు బాలసుందరం గారు. "నువ్వు మా ఇంటి మనిషివి. నీ సంగతి చూసుకునేదానికి నేను లేనా?"

ఆ మాటకు పరంధామయ్య కరిగిపోయేవాడు. ఇంటి మనిషి అన్నారు కదా అని రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చునేవాడు. ఇంటి మనిషికి చెప్పుల స్టాండు పక్కన భోజనం ఎందుకు పెడతారో ఒక్కనాడూ అడగలేదు. మొహమాటం. ఆ ఒక్క గుణంతోనే ఆయన జీవితమంతా కొట్టుకుపోయింది.

అసలు కథ 2010 మార్చిలో మొదలైంది. పి.పి.ఎఫ్. అని ఒక ఖాతా ఉంది కదా, బ్యాంకులోగానీ పోస్టాఫీసులోగానీ తెరుస్తారు, పదిహేనేళ్లు కడతారు, వచ్చిన వడ్డీ మీద పైసా పన్ను ఉండదు. పింఛను లేని బడుగు జీవికి ముసలితనంలో ఇంత అన్నం పెట్టే ఖాతా అది. అందుకే మనిషికి ఒక్కటే ఇస్తారు. ఏడాదికి ఇంతకు మించి కట్టకూడదని హద్దు కూడా పెట్టారు. బాలసుందరం గారు తన పేరున నింపేశారు, భార్య పేరున నింపేశారు, కొడుకు గురుప్రసాద్ పేరున నింపేశారు. ఇంకా డబ్బు మిగిలింది. మిగిలింది కదా అని సంతోషించాలా? లేదు, అది దాచేందుకు చోటు లేదని దిగులు.

"చిన్న పిల్లల పేరుతో వేస్తే?" అన్నారాయన.

"వాళ్లది కూడా తండ్రి హద్దులోకే వస్తుంది ముదలాళీ" అన్నాడు పరంధామయ్య. అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తనకు రూలు తెలుసన్న గర్వం, యజమాని దిగులు తీర్చాలన్న ఆత్రం. "నా పేరు ఖాళీగానే ఉండాది గదా" అనేశాడు.

బాలసుందరం గారు ఆయన భుజం తట్టి కాఫీ తెప్పించారు. మర్నాడే ఖాతా తెరిచారు. పరంధామయ్య పేరు, పరంధామయ్య పాన్ కార్డు, పరంధామయ్య సంతకం. డబ్బు వాళ్లది. మొదటి రెండేళ్లు డెబ్బై వేల చొప్పున, ఆ తర్వాత లక్ష, ఆపైన లక్షన్నర. పాసుబుక్కు దుకాణంలో ఇనప్పెట్టెలో. ప్రతి ఏడాదీ ఈయనే బ్యాంకుకు వెళ్లి తన పేరు మీద పరాయి డబ్బు కట్టి, రసీదు తెచ్చి యజమాని చేతిలో పెట్టేవాడు. నెలకు పదివేల జీతగాడు ఏడాదికి లక్షన్నర ఎట్లా కడుతున్నాడని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

2017లో సత్యభామకు చీటీ పాట డబ్బు అరవై వేలు చేతికొచ్చింది. చీర కొనలేదు, గాజు కొనలేదు. నోట్లు చుట్టలు చుట్టి తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"అందరికీ వేస్తా ఉంటారే, ఆ పదిహేనేళ్ల అకౌంటు, దాంట్లో మన పేరుతో వేయండి. ఏడాదికింత కడదాం. మనకూ ఒకటి ఉండాల గదా."

పరంధామయ్య ఆ నోట్లను మళ్లీ ఆమె చేతిలోకే తోశాడు. ఆమె రెండోసారి అడిగాక నసుగుతూ చెప్పాడు, మనిషికి ఒక్కటే ఇస్తారని, తన పేరుతో ఇప్పటికే ఒకటి ఉందని, అది ముదలాళిదని.

"ఒళ్లు ఇచ్చినారు, సరే. మీ పేరు కూడా వాళ్లకే ఇచ్చేసినారా?"

ఆయన తలొంచుకున్నాడు. నీ పేరుతో తెరుద్దామని మాత్రం అప్పుడు అనలేకపోయాడు, మొహం చెల్లలేదు. ఆ అరవై వేలు ఏదో ఫిక్సెడ్ డిపాజిట్లో పడి, తర్వాత ఆయనకు కామెర్లు వచ్చినప్పుడు ఆసుపత్రికి ఖర్చయిపోయాయి.

రెండేళ్ల కిందట బాలసుందరం గారు పోయారు. నీ సంగతి నేను చూసుకుంటానన్న మాట కూడా ఆయనతోనే పోయింది. గల్లా ముందుకు గురుప్రసాద్ వచ్చాడు. కంప్యూటరు వచ్చింది. పరంధామయ్య కళ్లకు శుక్లాలు వచ్చాయి. 2025 మార్చి ముప్పై ఒకటిన ఆయనకు సెలవిచ్చారు. ఒక శాలువా, కవరులో పదకొండు వేల నూట పదహార్లు, దుకాణంలోదే ఒక గిన్నెల సెట్టు. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే ఒక గిన్నెకు మూత పట్టలేదు. బాగాలేదని ఊళ్ల నుంచి తిరిగొచ్చిన సరుకు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ తిరుగు సరుకును లెక్క రాసినవాడికి అది తెలియదా! చూడగానే తెలిసింది. థూ, ఇవ్వకపోయినా బాగుండేది అనుకున్నాడు.

ఏప్రిల్ మూడో ఆదివారం పొద్దున గురుప్రసాద్ కారు తొండియార్‌పేట సందు మొగలో ఆగింది. ముప్పై ఏళ్లలో ఆ ఇంటికి ఆ కుటుంబంలో ఎవరూ రాలేదు. స్వీట్ల డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు. కూర్చోబోయే ముందు జేబురుమాలు తీసి కుర్చీ తుడిచాడు. ఆ కుర్చీని సత్యభామ అప్పుడే తడిగుడ్డతో తుడిచి వేసింది.

"ఏం మామా, రొంబ చిక్కిపోయినారే. అత్తా, బాగుండారా?"

మామా! దుకాణంలో ఉన్నన్నాళ్లూ 'ఏమప్పా', 'ఇదిగో' తప్ప మరో పిలుపు లేదు. ఈ వెన్న పూసిన పిలుపు చెవిలో పడేసరికి పరంధామయ్య గోడ వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అకౌంటు ముగిసిపోయింది మామా" అన్నాడు గురుప్రసాద్. "ముప్పై ఎనిమిది లక్షల పైన ఉండాది. రేపు బ్యాంకులో రెండు సంతకాలు. మీ పొదుపు ఖాతాలో పడుతుంది, ఆడ నుంచి నా ఖాతాకు పంపించేస్తాము. ఫారాలన్నీ నేనే రాసి పెట్టినా."

"సరే తంబీ" అన్నాడు పరంధామయ్య. తన డబ్బు కాదు. ఇచ్చేయాల్సిందే. ఆ విషయంలో ఆయనకు రెండో ఆలోచన లేదు, నిజం చెప్పాలంటే ఆ క్షణం దాకా లేదు.

గురుప్రసాద్ లేవలేదు. సత్యభామ వైపు తిరిగాడు.

"అత్తా, మీ ఆధార్, పాన్ కార్డు ఒకసారి ఇస్తే జెరాక్సు తీసుకొని పంపిస్తా."

"నా కార్డులెందుకు నాయనా? నేను పిండి అమ్ముకునేదాన్ని."

"మామ అకౌంటు క్లోజవుతుంది గదా. మీ పేరు ఖాళీగానే ఉండాది. దాంట్లో ఇంకో పదిహేనేళ్లు నడిచిపోతుంది. మీకేమీ కష్టం లేదత్తా, ఉత్త పేరు మాత్రమే."

సత్యభామకు అప్పటికే అరవై. ఆమె చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది. "నడిమధ్యలో నేను పోతే?"

"నామినీగా మా శ్రుతి పేరు వేస్తాం గదా! దాని గురించి మీరు భయపడొద్దు" అన్నాడు గురుప్రసాద్, ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు.

ఎంత మాట! ఆమె చావుకు కూడా తన భార్యను సిద్ధం చేసి పెట్టుకుని వచ్చాడు, పైగా భయపడొద్దట. పరంధామయ్యకు అసహ్యం గురుప్రసాద్ మీద సగమే. మిగతా సగం తన మీదే. నా పేరు ఖాళీగా ఉంది గదా అని ఆనాడు పళ్లికిలిస్తూ అన్న మనిషి ఎవడు? తానే. వీడికి ఈ దారి చూపించింది తానే. వీడు ఆ దారిలో నడుచుకుంటూ తన ఇంటి నడిమధ్యకు వచ్చేశాడు.

"కార్డు యాడ పెట్టినానో వెతకాల" అంది సత్యభామ. గురుప్రసాద్ నవ్వి లేచాడు. కారు వెళ్లిపోయాక ఆమె స్వీట్ల డబ్బా వంక చూడను కూడా చూడలేదు. "ఎవరికన్నా ఇచ్చేయండి. నాకు చూస్తేనే వెగటుగా ఉంది."

ఆ మధ్యాహ్నం పరంధామయ్య భోజనం చేయలేదు. తెల్ల కాగితాలు నాలుగు తీసి కూర్చున్నాడు. తన జీతం ఏ ఏడాది ఎంతో ఆయనకు పుస్తకం అక్కర్లేదు. చట్టప్రకారం యజమాని కట్టాల్సిన వంతు నూటికి పన్నెండు. తన వంతు ఎలాగూ తన జీతంలోంచే పోవాల్సింది కాబట్టి దాన్ని కలపలేదు. ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాదికి వేశాడు. కామెర్లతో దుకాణానికి వెళ్లని మూడు నెలలు తీసేశాడు. ఆఖర్న ముప్పై ఒక్క ఏళ్లకు గ్రాట్యుటీ కలిపాడు. మొత్తం పద్నాలుగు లక్షల తొంభై ఏడు వేల మూడు వందలు. మూడుసార్లు కూడి చూశాడు. ఆ అంకె చూస్తుంటే ఆయనకు సంతోషం కలగలేదు. ఇంత సొమ్ము తన కళ్ల ముందు, తన చేతి రాతతోనే పోయిందా అని రోత పుట్టింది.

సోమవారం బ్యాంకులో కార్తీక అనే ఆఫీసరు కాగితాలు చూసింది. ఖాతా ముగింపు ఫారం మీద పరంధామయ్య సంతకం చేశాడు. ముప్పై ఎనిమిది లక్షల ముప్పై ఆరు వేల నాలుగు వందల పన్నెండు రూపాయలు ఆయన పొదుపు ఖాతాలో పడ్డాయి. గురుప్రసాద్ తాను రాసి తెచ్చిన రెండో ఫారం ఆమె ముందుకు తోశాడు. ఆమె చదివి, వీళ్ల మాటలు విని ఉండడంతో తమిళం మాని తెలుగులోనే అడిగింది.

"సార్, మొత్తం వేరేవాళ్లకు పంపుతున్నారా? ఇది మీ రిటైర్మెంటు డబ్బు కదా. ఈయన మీకేమవుతారు?"

"మా మామ" అన్నాడు గురుప్రసాద్ గబగబా.

"ఆయన్ని చెప్పనివ్వండి."

"నేను వాళ్ల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ని, మేడం. ఆయనకు నేనేమీ కాను" అన్నాడు పరంధామయ్య. ఆ ఫారాన్ని రెండుగా చించి కొత్తది అడిగాడు. అందులో గురుప్రసాద్ ఖాతా నంబరే వేశాడు. అంకె మాత్రం ఇరవై మూడు లక్షల ముప్పై తొమ్మిది వేల నూట పన్నెండు.

గురుప్రసాద్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ఏం చేస్తా ఉండారు మామా? అది నా డబ్బు."

"గట్టిగా చెప్పు తంబీ. ఆ అమ్మకు వినపడేట్టు చెప్పు."

గురుప్రసాద్ వెనక్కి వాలి కూర్చున్నాడు. చెబితే పదిహేనేళ్ల బండారం ఆ బల్ల మీదే బయటపడుతుంది. మొహం గచ్చకాయ రంగుకు తిరిగింది. కార్తీక ముద్ర వేసి ఫారం లోపలికి పంపించింది.

ఇద్దరూ హాల్లో కుర్చీల మీద కూర్చున్నాక పరంధామయ్య తన లెక్క కాగితాలు తీసి ఇచ్చాడు. దొంగ అంటాడు, చొక్కా పట్టుకుంటాడు, నాన్న ఉప్పు తిన్నావంటాడు అని అనుకున్నాడు. అవన్నీ పడటానికి సిద్ధపడే వచ్చాడు. గురుప్రసాద్ అవేమీ అనలేదు. జేబులోంచి పెన్ను తీశాడు.

"ఎనిమిదిన్నర వడ్డీ రొంబ ఎక్కువ మామా. ఎనిమిది వేయండి."

"ఆ ఏడాది పి.ఎఫ్.కు ఇచ్చింది అంతే తంబీ."

"కామెర్లతో మూడు నెలలు రాలేదు గదా?"

"తీసేసినా. ఆడ రాసుంది, చూడు."

"మధ్యాహ్నం భోజనం మా ఇంటి నుంచే వచ్చేది. దానికేమన్నా..."

చెప్పుల స్టాండు పక్కన పెట్టిన అన్నం! కోపంతో అరిచి ఉంటే పరంధామయ్య వాణ్ని మనిషి అనుకునేవాడు. బేరం ఆడుతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు కడుపు కొట్టిన సంగతిలో వీడికి తప్పూ కనబడలేదు, సిగ్గూ కలగలేదు, ఆఖరికి మోసపోయానన్న బాధ కూడా లేదు. అంకె తగ్గితే చాలు.

"ఒక్క రూపాయి తగ్గదు" అన్నాడు పరంధామయ్య. ఆ దుకాణానికి సంబంధించి ఆయన నోటి నుంచి మొట్టమొదటిసారి వచ్చిన 'కాదు' అదే.

గురుప్రసాద్ ఇక లాభం లేదనుకున్నాడు. కాగితాలు మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించి, మళ్లీ ఆ వెన్న గొంతుతో అన్నాడు. "పోనీండి. మీకే గదా ఇచ్చినాం. ఈ లెక్క మాత్రం ఇంకెవరికీ చెప్పొద్దు మామా. షాపులో ఇంకా ఇరవై ఆరు మంది ఉండారు."

"సరే తంబీ" అన్నాడు పరంధామయ్య.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఖాతాలో పద్నాలుగు లక్షల చిల్లర ఉంది, అదంతా న్యాయంగా తనదే. కంటి ఆపరేషన్ చేయించుకోవచ్చు. అద్దెకు భయం లేదు. సత్యభామ చెయ్యి నొప్పెట్టినరోజు గ్రైండరు ఆపుకోవచ్చు. ఇవన్నీ ఒక్కొక్కటే అనుకుంటూ పోయాడు. అయినా ఆ 'సరే' ఏ లెక్కలోనూ ఇమడలేదు.

ఇంటికి వచ్చి భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. బేరం సంగతి విని ఆమె ఛీ అని మొహం తిప్పుకుంది. డబ్బు సంగతి విని కళ్లు తుడుచుకుంది. ఆఖరి మాట విన్నాక గ్రైండరు ఆపేసింది.

"సరే అన్నారా?"

"అలవాటుగా వచ్చేసింది."

"మిగతా ఇరవై ఆరు మంది పేర్లూ ఆ రెండు పుస్తకాల్లో రాసింది ఎవరు?"

"నేనే."

ఆమె పిండి గిన్నెలోకి తీసి, రాళ్లు కడగడం మొదలుపెట్టింది. ఆ నీళ్ల చప్పుడు వింటూ పరంధామయ్య గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. అంతసేపూ గురుప్రసాద్‌ను చూసి అసహ్యించుకున్నాడు కదా, ఇప్పుడు అదే అసహ్యం తన చేతి వేళ్ల మీదికి వచ్చింది. వాడు డబ్బు ఎగ్గొట్టాడు. ఎగ్గొట్టడానికి గీత గీసి ఇచ్చింది ఈ వేళ్లే. తన వంతు తెచ్చుకుని, నోరు మూసుకుంటానని మాట కూడా ఇచ్చి వచ్చాడు. వాడికీ తనకూ తేడా ఎక్కడుందో ఆయనకు తెలియలేదు.

ఫోను తీసి అరుముగానికి చేశాడు. అరుముగం దుకాణంలో మూటలు మోసే మనిషి, రెండో రిజిస్టరులో తొమ్మిదో పేరు.

"అరుముగం, నువ్వు చేరింది 2003 ఆయుధ పూజ నాడు. అప్పుడు నీ జీతం రెండు వేల రెండు వందలు. అవునా?"

"అవునన్నా. నాకే మర్చిపోయింది. ఏంటికి అడుగుతా ఉండావు?"

"ఆదివారం మా ఇంటికి రా. మిగతావాళ్లను కూడా పిలుచుకొని రా, అందర్నీ."

"ఏమన్నా విశేషమా అన్నా?"

"విశేషం కాదప్పా. మీకందరికీ నేనొక ద్రోహం చేసినాను. ఎవరికెంత చేసినానో లెక్క రాసి ఇస్తా."